సొసైటీ ఎవరిది?

2025 ఆగస్టులో సిరిసిల్ల, జగిత్యాల జిల్లాల్లో ఏ సింగిల్ విండో గోదాము ముందుకు పోయినా ఇంచుమించు ఒకటే దృశ్యం. తెల్లారకముందే చెప్పుల వరుస. ఒక జత చెప్పులు, వాటి వెనుక పట్టాదారు పాస్‌బుక్కు జిరాక్సు, అది ఎగిరిపోకుండా పైన ఒక రాయి, ఆ వెనుక సగం ఖాళీ అయిన నీళ్ల సీసా, మళ్లీ చెప్పులు. మనుషులు ఎదురుగా చెట్టు కింద కూర్చుని లారీ కోసం రోడ్డు వైపు చూస్తున్నారు. లారీ వస్తే పాస్‌బుక్కుకు ఒకటో రెండో బస్తాలు. లైను సగం కదలకముందే ‘స్టాకు అయిపోయింది’ అన్న మాట. మరునాడు మళ్లీ చెప్పులు.

యూరియా ఎందుకు కొరత పడింది, తప్పు ఢిల్లీదా హైదరాబాదుదా అన్నది వేరే చర్చ. నన్ను తొలిచింది ఇంకొకటి. ఆ లైనులో నిలబడినవాళ్లలో చాలామంది ఆ సొసైటీలో వాటాదారులు. చట్టం ప్రకారం ఆ గోదాముకు, ఆ కాంటాకు, లోపల కూర్చున్న సీఈవో కుర్చీకి వాళ్లే యజమానులు. అయినా ‘మన సొసైటీకి ఎన్ని బస్తాలొచ్చినయి, ఎవరెవరికి పోయినయి, రిజిస్టరు తీయండి’ అని అడగవచ్చని అనుకున్నవాళ్లు అరుదు. రేషన్ షాపు ముందు నిలబడినట్టే నిలబడ్డారు. ఊళ్లో ఎవరిని అడిగినా ‘గవర్నమెంటు సొసైటీ’ అంటారు. ఆ రెండు మాటలు ఒకదాని పక్కన ఒకటి ఇముడుతున్నంత కాలం సహకార రంగం గురించి ఎంత పెద్ద విధానం రాసినా అది కాగితం దాటి పొలం గట్టు మీదికి రాదు.

విధానాలకు కొరత లేదు. 2025ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ సహకార సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది జులై 24న కేంద్రం కొత్త జాతీయ సహకార విధానాన్ని విడుదల చేసింది. 2002 నాటి పాత విధానం స్థానంలో వచ్చిన ఈ పత్రం 2034 నాటికి దేశ స్థూల ఉత్పత్తిలో సహకార రంగం వాటాను మూడు రెట్లు చేస్తామంటోంది. 50 కోట్ల మందిని సహకార వ్యవస్థలోకి తెస్తామంటోంది. 2021 జులైలోనే ప్రత్యేక సహకార మంత్రిత్వ శాఖ ఏర్పడింది. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలను, అంటే మన సింగిల్ విండోలను, కంప్యూటరీకరిస్తున్నారు, వాటికి పెట్రోలు బంకు నుంచి మందుల దుకాణం దాకా పాతిక రకాల వ్యాపారాలు చేసుకొనే వీలున్న నమూనా ఉపవిధులు పంపారు. ధాన్యం నిల్వకు సంఘాల స్థాయిలోనే గోదాములు కట్టాలన్న పథకాన్ని ప్రయోగాత్మకంగా 11 రాష్ట్రాల్లో 11 సంఘాల్లో మొదలుపెడితే, తెలంగాణ నుంచి ఎంపికైంది మన సిరిసిల్ల జిల్లాలోని గంభీరావుపేట సంఘమే. ఇవన్నీ పనికొచ్చే పనులే. గోదాము లేని సొసైటీ వానకు తడిసే వడ్ల కుప్పే కదా.

అయితే అంతర్జాతీయ సహకార కూటమి 1995లో మాంచెస్టర్‌లో ఆమోదించిన ఏడు సూత్రాల్లో చివరిదాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. సహకార సంఘాలు తమ సమాజాల సుస్థిర అభివృద్ధికి పాటుపడతాయని చెప్పి, ఆ పాటుపడటం సభ్యులు ఆమోదించిన విధానాల ద్వారానే జరగాలంటుంది అది. విధానం చేయాల్సింది సభ్యులు. ఇక్కడ ఢిల్లీ చేస్తోంది, హైదరాబాదు అమలు చేస్తోంది, సిరిసిల్ల జిల్లా బోయినపల్లి రైతు లైనులో నిలబడుతున్నాడు.

ఈ తలకిందుల వ్యవహారం నిన్నమొన్న పుట్టింది కాదు. 1904లో మొదటి సహకార పరపతి చట్టం తెచ్చింది బ్రిటిష్ ప్రభుత్వం. షావుకారు మిత్తి నుంచి రైతును తప్పించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ చట్టంతోపాటే రిజిస్ట్రార్ అనే అధికారి కూడా పుట్టాడు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టంలో ఆ అధికారి చెయ్యి ఇంకా పొడుగైంది: పాలకవర్గాన్ని రద్దు చేయవచ్చు, పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టవచ్చు, ఎన్నికలు ఎప్పుడో చెప్పవచ్చు. 1987లో సింగిల్ విండో విధానం వచ్చి అప్పు, ఎరువు, విత్తనం అన్నీ ఒకేచోట దొరకడం రైతుకు నిజంగా మేలు చేసింది. ఆ పేరు ఇప్పటికీ ఊళ్లలో అలాగే నిలిచిపోయింది. కానీ ఆ కిటికీకి అవతలి పక్క కూర్చున్నది ఎవరన్న ప్రశ్న మాత్రం అప్పుడూ ఎవరూ వేయలేదు. తెలంగాణలో ఈ సంఘాలకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2020 ఫిబ్రవరిలో. ఐదేళ్లు 2025 ఫిబ్రవరిలో నిండాయి. ఎన్నికలు పెట్టలేదు, పదవీకాలం పొడిగించారు. పొడిగించమని ఏ మహాజన సభా తీర్మానం చేయలేదు.

రైతు సభ్యుడయ్యే తీరు చూసినా ఇదే అర్థమవుతుంది. పంట రుణం మంజూరైనప్పుడు అందులోంచే వాటాధనం పట్టుకుంటారు. తాను వాటా కొన్నానన్న స్పృహ రైతుకు ఉండదు, అప్పులో కొంత కోత పడిందన్న అనుభవమే ఉంటుంది. తన జేబులోంచి పది రూపాయలు తీసి పెట్టినవాడు ఆ పది ఎటు పోయిందని అడుగుతాడు. కోతగా పోయినదాని గురించి ఎవరు అడుగుతారు?

ఇక సుస్థిరత మాట. సింగిల్ విండో బతికేది దేని మీద? పంట రుణాల మీద వచ్చే కొద్దిపాటి వడ్డీ తేడా, యూరియా, డీఏపీ బస్తాల మీద డీలరు మార్జిన్, వడ్ల కొనుగోలు మీద క్వింటాకు ముప్ఫై రూపాయల పైచిలుకు కమీషన్. ఎక్కువ బస్తాల ఎరువు అమ్మితే సంఘానికి లాభం. ఎక్కువ వడ్లు వస్తే సంఘానికి లాభం. అదే రైతు యూరియా తగ్గించి పచ్చిరొట్ట వేసినా, వరి మానేసి కంది, నువ్వు, కూరగాయలు పెట్టినా సంఘం ఆదాయం పడిపోతుంది. నేలను కాపాడాల్సిన సంస్థ పొట్టకూటిని నేలను అలసగొట్టే పనులకే కట్టేశాం. ఈ ముడి విప్పకుండా సహకారం ద్వారా సుస్థిర అభివృద్ధి అని ఎన్ని సదస్సులు పెట్టినా లాభం లేదు.

బోయినపల్లి మండలంలో ఈ సంగతి కళ్లకు కడుతుంది. ఒకప్పుడు ఈ ప్రాంతం బోరు వేసి, నీరు పడక, అప్పుల్లో మునిగి, దుబాయి బాట పట్టిన ప్రాంతం. మాన్వాడ దగ్గర మధ్య మానేరు కట్టాక 25 టీఎంసీలకు పైగా నీరు ఈ మండలం గుమ్మంలోకి వచ్చింది. దానికోసం కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి వంటి ఊళ్లు మునిగాయి. నీళ్లొచ్చినచోట వరి వచ్చింది. వరి తప్ప మరొకటి రాలేదు, ఎందుకంటే కొనేవాడు ఉన్నది వరికి మాత్రమే. యాసంగి వడ్లు కల్లాల మీదికి వచ్చిన రోజుల్లో కొనుగోలు కేంద్రం దగ్గర ఒక గంట నిలబడితే చాలు. నలభై కిలోల బస్తా కాంటా మీద పెడతారు. సంచి బరువు అని కొంత, తేమ అని కొంత, తాలు అని కొంత పైన తూగాలి. ‘మిల్లు దగ్గర కోత పెడితే మేమేం చేస్తాం’ అని తూచేవాడి సమాధానం. హమాలీ ఎత్తిన బస్తాలోంచి రాలిన గింజలను ఒక ముసలమ్మ చీపురుతో ఊడ్చి చాటలో పోసుకుంటుంది. తూచేది రైతు సొంత సంఘం. కోత పడేది రైతుకు. మిల్లరుతో బేరమాడే శక్తి ఆ సంఘానికి లేదు, ఎందుకంటే అది రైతు తరఫున అమ్ముతున్న సంస్థ కాదు, ప్రభుత్వం తరఫున కొంటున్న ఏజెంటు.

ఇలా కాకుండా ఇంకోలా ఉండటం ఈ నేల మీద సాధ్యమేనా? ఎప్పుడు సాధ్యమవుతుందో, ఎప్పుడు కాదో చెప్పే మూడు కథలున్నాయి. మూడూ పాత కరీంనగర్ జిల్లావే.

మొదటిది సిరిసిల్ల సెస్. సహకార విద్యుత్ సరఫరా సంఘం అన్న పూర్తిపేరు ఎవరూ పలకరు, ఈ జిల్లాలో కరెంటు అంటే సెస్సే. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో ఏర్పడ్డాక అమెరికా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల అనుభవంతో దేశంలో ఐదు చోట్ల ఈ ప్రయోగం మొదలైంది: ఉత్తరప్రదేశ్‌లో లక్నో, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో ముల-ప్రవర, కర్ణాటకలో హుక్కేరి, మన దగ్గర సిరిసిల్ల. 1970లో సెస్ పుట్టినప్పుడు ఈ తాలూకాలో కరెంటు దీపం ఒక వింత. ప్రభుత్వ విద్యుత్ బోర్డు లాభం లేదని వదిలేసిన ఊళ్లకు జనం వాటాలతో పుట్టిన సంఘం తీగలు లాగింది. మిగతావి ఒక్కొక్కటిగా మూతపడినా ఆ ఐదింటిలో సిరిసిల్ల, హుక్కేరి నిలిచాయి. అర్ధ శతాబ్దం దాటి ఒక విద్యుత్ సంఘం ఎన్నికైన డైరెక్టర్లతో నడవడం చిన్న విషయం కాదు. దీన్ని చూసి గర్వపడాలి.

గర్వపడుతూనే లోపల చూడాలి. సెస్ సొంతంగా కరెంటు తయారు చేయదు. ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర విద్యుత్ నియంత్రణ మండలి చెప్పిన ధరకు కొని పంచుతుంది. వ్యవసాయ మోటార్లకు ఉచితం, మరమగ్గాలకు రాయితీ. ఆ సొమ్ము ప్రభుత్వం నుంచి రావాలి. సకాలంలో రాకపోతే బకాయిలు పేరుకుంటాయి, వాటి భారం చివరికి మగ్గాల వాళ్ల బిల్లుల మీదికి వచ్చి గొడవవుతుంది. బిల్లు కట్టేది ప్రభుత్వమైనప్పుడు సభ్యుడి మాటకు విలువ సన్నగిల్లుతుంది. 2022 డిసెంబరులో సెస్‌లోని 15 డైరెక్టర్ స్థానాలకు జరిగిన ఎన్నికలు అసెంబ్లీ ఎన్నికలను తలపించాయి. ఏ పార్టీ ఎన్ని గెలిచిందన్న లెక్కే మిగిలింది. ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోకుండా ఏం చేస్తారు, లైను నష్టాలు ఎట్లా తగ్గిస్తారు, బోయినపల్లి గుట్టల మీద, కాలువల పక్కన సౌర పలకలు పెట్టి సొంత కరెంటు ఎందుకు పుట్టించరు అన్న ప్రశ్నలు ప్రచారంలో వినబడింది తక్కువ. పీఎం కుసుమ్ పథకం కింద సహకార సంఘాలు కూడా 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా సౌర కేంద్రాలు పెట్టుకోవచ్చు. యాభై ఏళ్ల లైన్లు, సిబ్బంది, అనుభవం ఉన్న సంఘానికి ఇది చేతికందే పండు. ఆటోస్టార్టరు పెట్టి మరిచిపోయిన మోటారు రాత్రంతా నీళ్లు తోడుతున్నప్పుడు ఆపమని పక్క రైతు చెబితే వింటాడు, అధికారి చెబితే వినడు. ఆ పక్క రైతుకు గొంతు ఇవ్వగలిగింది సెస్ లాంటి సంఘమే.

రెండో కథ కోరుట్ల, మెట్‌పల్లి రైతులది. మల్లాపూర్ మండలం ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ. 1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్స్‌కు ఇదొక యూనిట్. 2002లో ప్రైవేటు భాగస్వామికి 51 శాతం వాటా ఇచ్చి నిజాం దక్కన్ షుగర్స్‌గా మార్చారు. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం ఒక మాట అంది: మహారాష్ట్రలో లాగా రైతులు సహకార సంఘంగా ఏర్పడి ఫ్యాక్టరీని నడుపుకోండి, మేం సాయం చేస్తాం. రైతులను అక్కడికి తీసుకుపోయి చూపించారు కూడా. రైతులు ముందుకు రాలేదు. వాళ్లకు చేతకాదని అప్పుడు కొందరు తేల్చేశారు.

నేనలా అనుకోను. మహారాష్ట్రలో ప్రవర దగ్గర విఠల్‌రావు విఖే పాటిల్, ధనంజయరావు గాడ్గిల్ కలిసి రైతుల ఇల్లిల్లూ తిరిగి వాటాలు పోగుచేసిన తరువాత ఫ్యాక్టరీ లేచింది. అక్కడ ముందు సంఘం, తర్వాత చక్కెర. ఇక్కడ దశాబ్దాల పాటు చెరుకు పోయడం తప్ప మరే నిర్ణయంలోనూ చోటివ్వని రైతుకు, యంత్రాలు తుప్పుపట్టి, బ్యాంకు అప్పులు మెడకు చుట్టుకున్నాక తాళం చెవి ఇవ్వజూపారు. తండ్రి ఆస్తి పంచకుండా అప్పు మాత్రం పంచితే ఏ కొడుకు తీసుకుంటాడు? తర్వాత వ్యవహారం ట్రిబ్యునల్‌కు పోయి లిక్విడేషన్ దాకా వెళ్లింది. ఈలోగా చెరుకు పోయి వరి, పసుపు, మక్కలు వచ్చాయి. 2024 నుంచి ఇప్పటి ప్రభుత్వం మళ్లీ తెరిపించే ప్రయత్నంలో ఉంది. తెరిస్తే మంచిదే. కానీ మొదటి రోజు నుంచే చెరుకు రైతుకు పాలకమండలిలో కుర్చీ, లెక్కల పుస్తకం మీద హక్కు లేకుండా తెరిస్తే పాత కథే కొత్త సున్నంతో మొదలవుతుంది.

పసుపుదీ అంతే. కోరుట్ల, మెట్‌పల్లి పసుపు రైతు పంటను ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి నిజామాబాద్ మార్కెట్‌కు మోసుకుపోతాడు. ధర అక్కడ చెబుతారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు వచ్చింది. బోర్డు ధరను నిలబెట్టజాలదు, రైతుల సొంత గోదాము, సొంత ఉడకబెట్టే యంత్రం, రెండు నెలలు ఆగి అమ్ముకోగల స్తోమత నిలబెడతాయి.

మూడో కథ ముల్కనూరు. ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్నా నిన్నటిదాకా కరీంనగర్‌దే. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో 14 ఊళ్ల రైతులు పెట్టుకున్న సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగ్ సంఘం ఇవాళ విత్తనం ఉత్పత్తి చేస్తుంది, బియ్యం మిల్లు నడుపుతుంది, పత్తి జిన్నింగ్ చేస్తుంది, అప్పులిస్తుంది. గొప్పతనం ఆ జాబితాలో లేదు. సభ్యుడు వేసిన వరి సంఘం విత్తనమై మళ్లీ మార్కెట్‌కు పోతుంది, అందులో మిగిలింది సభ్యుడికే వస్తుంది. ఆ ఊరి చుట్టుపక్కల ఆడవాళ్లు 2000 సంవత్సరంలో తమ డెయిరీ పెట్టుకున్నారు. సభ్యులంతా మహిళలే, పాలకమండలీ వాళ్లే. స్వకృషి పేరుతో వాళ్ల పాలు అమ్ముడవుతాయి. ఈ డెయిరీకి పునాది పాలు కావు, పొదుపు. అంతకు పదేళ్ల ముందు నుంచే ఈ ఊళ్లలో సహకార వికాస సంస్థ ప్రోత్సాహంతో ఆడవాళ్లు నెలనెలా చిన్న మొత్తాలు దాచుకోవడం, తమలో తాము అప్పులు ఇచ్చుకోవడం, రిజిస్టరు రాసుకోవడం నేర్చుకున్నారు. పది రూపాయల లెక్కలో పోట్లాడి గెలిచినవాళ్లకు లక్షల లెక్క భయపెట్టలేదు.

ఆ సహకార వికాస సంస్థ పోరాడి సాధించిందే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల (మ్యాక్స్) చట్టం. మాంచెస్టర్ సూత్రాలు, మన మ్యాక్స్ చట్టం ఒకే ఏడాదివి. ప్రభుత్వ వాటాధనం ఉండదు, రిజిస్ట్రార్ పాలకవర్గాన్ని రద్దు చేయలేడు, ఉపవిధులు సభ్యులే రాసుకుంటారు, ఎన్నికలు సంఘమే పెట్టుకుంటుంది. దేశంలో ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. దాన్ని చూసి మరికొన్ని రాష్ట్రాలు తెచ్చుకున్నాయి. కానీ తెచ్చినవాళ్లకే అది మింగుడు పడలేదు. 2006లో ప్రభుత్వం ఆ చట్టం కింద ఉన్న డెయిరీలను మళ్లీ 1964 చట్టం కిందికి లాగింది. హైకోర్టు కాదంది. 2011లో సుప్రీంకోర్టు కూడా హైకోర్టు మాటనే నిలబెట్టింది. సహకార స్వేచ్ఛ గురించి ఈ దేశంలో వచ్చిన ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి తెలుగు పాల రైతుల కేసులోనే వచ్చిందని మనకే గుర్తు లేదు.

ఆ చట్టం కూడా మంత్రదండం కాదు. సిరిసిల్ల మరమగ్గాలను చూడండి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక మగ్గాల యజమానులు మ్యాక్స్ సంఘాల ద్వారా ఆర్డర్లు పంచుకున్నారు. కొన్నేళ్లు ఊరికి పని దొరికింది, కార్మికుడి కూలి పెరిగింది, ఆత్మహత్యల వార్తలు తగ్గాయి. దాన్ని తీసిపారేయకూడదు. కానీ కొనేవాడు ఒక్కడే, అతడు ప్రభుత్వమే. 2024 మొదట్లో ఆర్డర్లు ఆగి, బకాయిలు నిలిచిపోగానే మగ్గాలు మూగబోయాయి. ఆ తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డర్లు వచ్చాయి. చట్టంలో స్వేచ్ఛ ఉన్నా మార్కెట్‌లో స్వేచ్ఛ లేదు. సొంతంగా నూలు కొనే నిధి, అద్దకం యూనిట్, బయట అమ్ముకొనే చీర డిజైను ఉంటే తప్ప పేరు ఎలా రాసినా ఆ సంఘం ఆర్డరు పంచే బల్ల మాత్రమే. మగ్గం మీద పన్నెండు గంటలు నిలబడే కార్మికుడికి అందులో సభ్యత్వం ఉందా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

సభ్యత్వమే అసలు చిక్కు. సింగిల్ విండోలో సభ్యుడు కావాలంటే పాస్‌బుక్కు కావాలి. కౌలు రైతుకు పాస్‌బుక్కు లేదు. పొలం పని సగానికి పైగా చేసే ఇల్లాలి పేరు మీద చాలా ఇళ్లలో భూమి లేదు. మధ్య మానేరులో భూమి మునిగినవాడికి పరిహారం వచ్చింది, భూమి పోయింది, దాంతోపాటు సొసైటీలో అతడి పనీ పోయింది. ఆ నీటి మీద ఇప్పుడు బతకగలిగింది చేప. ప్రభుత్వం ఏటా ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది, మత్స్య సహకార సంఘాలున్నాయి. అయినా వల కొనడానికి అడ్వాన్సు ఇచ్చేది వ్యాపారి అయితే చేప ధర చెప్పేదీ వ్యాపారే. ఉచిత చేపపిల్లల మీద పెట్టే డబ్బులో కొంత మంచు పెట్టె, తూకం, వల కొనే మూలనిధి రూపంలో సంఘం చేతికే ఇచ్చి, ఎన్ని పిల్లలు ఎప్పుడు వదలాలో వాళ్లనే తేల్చుకోనిస్తే లెక్క మారుతుంది. గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపాలన్న కట్టుబాటు కూడా అప్పుడే నిలుస్తుంది.

సహకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. 97వ రాజ్యాంగ సవరణలో రాష్ట్ర సంఘాలకు వర్తించే భాగం చెల్లదని 2021 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అందుకే. కాబట్టి ఢిల్లీ పత్రం ఎలా ఉన్నా తెలంగాణ ప్రభుత్వం చేయగల పనులు చేతిలోనే ఉన్నాయి. సింగిల్ విండోలకు గడువులోపల ఎన్నికలు పెట్టాలి, పొడిగింపు అనే మాట చట్టంలోంచే తీసేయాలి. కోరుకున్న సంఘం ప్రభుత్వ వాటా తిరిగి కట్టేసి 1995 చట్టం కిందికి మారే దారిని సుగమం చేయాలి. కౌలు రైతుకు, రైతు భార్యకు సభ్యత్వం ఇవ్వాలి. కమీషన్‌ను వడ్లకే కట్టకుండా, కంది, నువ్వు, కూరగాయలు కొన్నప్పుడు సంఘానికి అంతకన్నా ఎక్కువ మిగిలేలా చేయాలి. పొదుపును సంఘం గుండెగా మార్చాలి. ప్రతి మండలంలో మహిళా సమాఖ్య మ్యాక్స్ చట్టం కిందే నమోదై ఉంది. లెక్కలు రాయడం, అప్పు వసూలు చేయడం వాళ్లకు తెలుసు. వాళ్లనీ సింగిల్ విండోనీ ఒకే గోదాములో కలిసి పని చేయనివ్వడానికి ఏ ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు.

మహాజన సభ అని ఒకటి జరుగుతుంది. టెంటు వేస్తారు, కుర్చీలు తెస్తారు. సీఈవో ఆదాయ వ్యయాలు గబగబా చదువుతాడు, ముందు వరుసలో కూర్చున్నవాళ్లు చేతులెత్తుతారు, రిజిస్టరు వరుసలు తిరిగి సంతకాలు పడతాయి, చాయి వస్తుంది. వచ్చే సభలో బోయినపల్లి దిక్కు ఏ ఒక్క సంఘంలోనైనా ఒక రైతు లేచి, ఆగస్టులో మనకు యూరియా ఎన్ని బస్తాలు వచ్చింది, తేదీలవారీగా ఎవరికి ఎన్ని ఇచ్చారు, వచ్చే వానాకాలానికి మన ఊళ్లకు నిజంగా ఎన్ని కావాలి, అందులో ఎన్ని తగ్గించుకోగలం అని అడగాలి. ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పి, మినిట్స్‌లో రాసి, సభ్యులచేత ఆమోదింపజేసి, ఆ కాగితాన్ని గోదాము తలుపుకు అంటించాలి. చెప్పుల వరుస మొదలయ్యే చోటే ఆ తలుపు ఉంది.